ప్రభుత్వం ఇచ్చే లాయరు ఫీజు ఎవరి సొమ్ము?

ప్రశ్న: మేము పాతికేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. మావారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవారు. నలభై తొమ్మిదో ఏట పక్షవాతం వచ్చింది. కుడిచేయి స్వాధీనంలో లేదు, అరగంట పాటు ఏకాగ్రతగా కూర్చోలేరు. సోషల్ సెక్యూరిటీ వారి డిజెబిలిటీ భృతికి దరఖాస్తు పెడితే రెండుసార్లు కాదన్నారు. విచారణ జరిపిన జడ్జీ కాదన్నారు. ఆ సంస్థలోనే పై మెట్టు అయిన అప్పీల్స్ కౌన్సిల్ జోక్యం చేసుకోలేదు. చివరికి ఒక లాయరు ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్ళారు. న్యూరాలజిస్టు అభిప్రాయాన్ని ఎందుకు పక్కన పెట్టారో ఆ జడ్జి వివరించలేదని చెప్పి, పోయిన నెలలో కోర్టు ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది, మళ్ళీ విచారించమని వెనక్కి పంపింది. ఇప్పుడు లాయరు సంతకాల కోసం రెండు కాగితాలు పంపారు. మా ఆస్తి ఇరవై లక్షల డాలర్లు దాటదని ఒకటి, ప్రభుత్వం ఇచ్చే లాయరు ఫీజును ఆయనకే ఇచ్చేస్తున్నామని ఇంకొకటి. మొదట్లో ‘డబ్బు వస్తే అందులో నాలుగో వంతు’ అన్నారు. మరి ఇది రెండో వసూలా? మావారు సంతకం పెట్టనంటున్నారు. ‘ఒక్క డాలరు చేతికి రాలేదు, గెలిచామని ఎలా అంటాం? పైగా ఖర్చులు కూడా ఇమ్మని అడుక్కుంటే వాళ్ళకు కోపం రాదా, రెండో విచారణ ఏమవుతుంది?’ అంటున్నారు. మాకు మియాపూర్‌లో ఫ్లాటు, ఊళ్ళో రెండెకరాల పొలం ఉన్నాయి. పెద్దమ్మాయి కాలేజీ చదువుకు మావారి పేరిట తీసుకున్న ప్రభుత్వ రుణం ఆరు నెలలుగా కట్టలేకపోతున్నాం. అబ్బాయి ఇంకా హైస్కూల్లో ఉన్నాడు. ఏం చేయమంటారు?
— ఒక సోదరి

సమాధానం: అమ్మా, మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం. ముందు కోర్టు తీర్పు కాగితం తీసి దాని మీది తేదీ చూడండి. ఆ తేదీ నుంచి అప్పీలుకు వెళ్ళడానికి ప్రభుత్వానికి 60 రోజులు ఉంటాయి. అవి గడిస్తే తీర్పు ఖరారవుతుంది. ఖరారైన నాటి నుంచి 30 రోజుల్లోపు ఫీజు దరఖాస్తు కోర్టులో దాఖలు కావాలి. తీర్పు రోజు నుంచి లెక్కవేస్తే మొత్తం 90 రోజులు. న్యాయమూర్తి కారణాలు రాసిన ఉత్తర్వు ఒక రోజు, దాన్ని అనుసరించి నమోదైన తీర్పు మరో రోజు ఉండవచ్చు. ఏ తేదీ నుంచి లెక్కవేస్తున్నారో లాయరును అడిగి క్యాలెండరులో రాసి పెట్టుకోండి. ఈ గడువు దాటితే ఎంత న్యాయమైన దరఖాస్తు అయినా కోర్టు సాధారణంగా చూడదు. మీ ఇంట్లో సంతకం గురించి జరుగుతున్న వాదన నెలల తరబడి సాగితే నష్టపోయేది లాయరు ఒక్కరే కాదు, మీవారు కూడా. అదెలాగో కింద చెబుతాను.

ఈ ఫీజు ఎక్కడి నుంచి పుట్టిందో చెబితే మీవారి మనసులోని బరువు కొంత దిగుతుందని నా ఆశ. మన ఊళ్ళలో దావా గెలిస్తే ‘ఖర్చులతో సహా డిక్రీ’ వచ్చిందని చెప్పుకోవడం వింటూ పెరిగాం. అమెరికాలో మామూలు పద్ధతి అది కాదు. గెలిచినా ఓడినా ఎవరి లాయరు ఖర్చు వారే భరించాలి. ఎదుటి పక్షం ప్రభుత్వమైతే ఈ పద్ధతి సామాన్యుడిని నలిపేస్తుంది. ప్రభుత్వానికి జీతాలిచ్చి పెట్టుకున్న లాయర్లు ఎందరో ఉంటారు. జబ్బుపడి ఉద్యోగం పోయిన మనిషి చేతిలో ఏముంటుంది? పోరాడి తెచ్చుకునే దానికన్నా పోరాటానికయ్యే ఖర్చే ఎక్కువైతే, తప్పని తెలిసి కూడా జనం ఊరుకుంటారు. అందుకే అమెరికా కాంగ్రెస్ 1980లో ఈక్వల్ యాక్సెస్ టు జస్టిస్ యాక్ట్ అనే చట్టం చేసింది, 1985లో దాన్ని శాశ్వతం చేసింది. ఈ కేసులు చూసే లాయర్లు దాన్ని పొట్టిగా ‘ఈజా’ అంటారు. మీకు వచ్చిన రెండు కాగితాలూ ఆ చట్టం కిందివే.

‘గెలిచామా?’ అన్నది మీవారి మొదటి ప్రశ్న. చట్టం దృష్టిలో గెలిచారు. మీ కేసులో కోర్టు చేసినట్టు నిర్ణయాన్ని రద్దు చేసి, తన దగ్గరి కేసును ముగించి, మళ్ళీ విచారణకు పంపడాన్ని సోషల్ సెక్యూరిటీ చట్టంలో కోర్టు సమీక్షకు సంబంధించిన సెక్షన్‌లోని నాలుగో వాక్యం కింద వెనక్కి పంపడం అంటారు. అలా పంపించుకున్న మనిషి గెలిచిన పక్షమేనని 1993లో శలాలా వర్సెస్ షేఫర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. భృతి మంజూరయ్యే దాకా ఆగనక్కరలేదు. ఆగుదామని కూర్చుంటే గడువు పోతుంది కూడా. ఆరో వాక్యం కింద పంపే మరో పద్ధతి ఉంది. అందులో కేసు కోర్టు దగ్గరే నిలిచి ఉంటుంది, గడువు లెక్క వేరుగా ఉంటుంది. నిర్ణయాన్ని రద్దు చేశారని రాశారు గనుక మీది నాలుగో వాక్యమే.

ఇంకో మాట కూడా ఆయనకు చెప్పండి. రేపు రెండో విచారణలో దురదృష్టవశాత్తూ మళ్ళీ కాదన్నా, ఈజా కింద వచ్చిన ఫీజును తిరిగి కట్టమనరు. అది కోర్టులో నెగ్గినందుకు వచ్చింది, భృతి వచ్చినందుకు కాదు.

‘అడుక్కోవడం’ అన్నారట. ఆ మాట నన్ను బాధించింది. ఇరవై ఏళ్ళు ప్రతి జీతంలో సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టిన మనిషి ఆ బీమా కింద తనకు రావలసింది అడిగితే నాలుగు మెట్ల మీద కాదనిపించుకున్నారు. తప్పు ఎవరిదో కోర్టు చెప్పింది. ఇక ఈజా అయితే గెలిచిన ప్రతివారికీ పంచిపెట్టేది కాదు. ప్రభుత్వ వైఖరికి తగిన ఆధారం ఉందని తేలితే ఫీజు రాదు. ఆ ఆధారం ఉందని రుజువు చేసుకోవలసిన బాధ్యత ప్రభుత్వానిదే, మీది కాదు. సమంజసమైన మనిషి ఒప్పుకోగలిగినంత ఆధారం ఉంటే చాలునని 1988లో పియర్స్ వర్సెస్ అండర్‌వుడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టులో ప్రభుత్వ లాయర్లు వాదించినది ఒక్కటే కాదు, అంతకు ముందు సంస్థ తీసుకున్న నిర్ణయాన్ని కూడా కలిపి చూస్తారు.

మీ కేసులో ఈ వాదన బలంగానే కనిపిస్తోంది. 2017 మార్చి 27 నుంచి దాఖలైన దరఖాస్తుల్లో, డాక్టరు అభిప్రాయానికి పరీక్షల ఆధారం ఎంత ఉంది, మిగతా రికార్డుతో అది ఎంతవరకు పొసగుతోంది అన్న రెండు విషయాలనూ జడ్జి వివరించి తీరాలని సోషల్ సెక్యూరిటీ తన నిబంధనల్లోనే రాసుకుంది. తాను రాసుకున్న నిబంధననే పాటించని నిర్ణయాన్ని సమర్థించడం ప్రభుత్వానికి తేలిక కాదు. అయినా ఇది తప్పక వస్తుందని నేను మాట ఇవ్వలేను. మీ లాయరు కూడా ఇవ్వకూడదు.

కోపం సంగతి. ఫీజు దరఖాస్తుకు జవాబిచ్చేది ప్రభుత్వ లాయర్లు. రెండో విచారణ చేసేది సంస్థలో ఇలాంటి విచారణలు జరిపే అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జి. ఫీజు ఆ జడ్జి జేబులోంచి పోదు. ఇలాంటి దరఖాస్తులు దేశమంతటా ఫెడరల్ కోర్టుల్లో నిత్యం పడుతూనే ఉంటాయి. చాలాసార్లు రెండు వైపుల లాయర్లూ ఒక మొత్తానికి ఒప్పుకుని కాగితం రాసుకుంటారు, న్యాయమూర్తి దాని మీద సంతకం చేస్తారు. ఫీజు అడిగారన్న కారణంగా రెండో విచారణలో ఎవరికైనా అన్యాయం జరగడం ఇన్నేళ్ళలో నేను చూడలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: రెండు చేతులా తీసుకుంటున్నారా? మీ అనుమానం సహజమైనది. ఇక్కడే చాలా కుటుంబాలు తికమకపడతాయి, కొందరు లాయర్లు సరిగా వివరించరు కూడా. మీ లాయరుకు డబ్బు రాగల దారులు మూడు.

మొదటిది ఈజా. ఇది ప్రభుత్వం తన ఖజానా నుంచి ఇచ్చేది. కోర్టులో చేసిన పనికే ఇస్తారు. జడ్జి ముందు జరిగిన మొదటి విచారణకు గానీ జరగబోయే రెండో విచారణకు గానీ ఇందులో ఒక్క గంట కూడా లెక్కకు రాదు. గంటకు ఇంత అని కడతారు. చట్టంలో రాసిన రేటు 1996 నుంచి 125 డాలర్లే, కానీ పెరిగిన ధరలకు తగ్గట్టు సవరించమని అడగవచ్చు. అలా సవరించిన రేటు ఇప్పుడు 200 డాలర్లు దాటింది. ఇలాంటి కేసుకు 20 నుంచి 40 గంటలు పట్టడం మామూలేనని చాలా కోర్టులు రాశాయి.

రెండోది, కోర్టులో చేసిన ఆ పనికే మీ పాత బకాయిల్లోంచి ఇచ్చే ఫీజు. భృతి మంజూరైతే వెనకటి నెలలన్నిటికీ కలిపి ఒక పెద్ద మొత్తం వస్తుంది కదా, అందులో నాలుగో వంతుకు మించకుండా కోర్టు నిర్ణయిస్తుంది. ఒప్పందంలో నాలుగో వంతు అని రాసుకున్నా, చేసిన పనికి అది మరీ ఎక్కువనిపిస్తే కోర్టు తగ్గించాలని 2002లో గిస్‌బ్రెక్ట్ వర్సెస్ బార్న్‌హార్ట్ తీర్పు చెబుతోంది.

మూడోది, కోర్టులో కాక సోషల్ సెక్యూరిటీ సంస్థ ముందు చేసిన పనికి ఆ సంస్థ ఆమోదించే ఫీజు. ఒప్పందం పద్ధతిలో అయితే బకాయిల్లో నాలుగో వంతు గానీ, ఒక నిర్ణీత పరిమితి గానీ, ఏది తక్కువైతే అది. ఆ పరిమితిని 2024 నవంబరు చివర్లో 7,200 నుంచి 9,200 డాలర్లకు పెంచారు.

మొదటి రెండూ ఒకే పనికి వచ్చే డబ్బు. అందువల్ల రెండూ మిగుల్చుకునే హక్కు లాయరుకు లేదు. రెండూ వస్తే, వాటిలో చిన్న మొత్తాన్ని మీవారికి తిరిగి ఇచ్చేయాలి. ఇది లాయరు దయ కాదు, చట్టం పెట్టిన విధి. ఒక ఊహాలెక్క వేద్దాం. ఈజా కింద 7,200 డాలర్లు వచ్చాయనుకోండి, అవి లాయరు దగ్గర ఉన్నాయి. ఏడాది తర్వాత భృతి మంజూరై బకాయిలు 80,000 వచ్చాయి. కోర్టు పనికి లాయరు అందులోంచి 16,000 అడిగారు, కోర్టు ఒప్పుకుంది. అప్పుడు 16,000 తీసుకుని 7,200 మీవారి చేతిలో పెట్టాలి. మీ మీద పడిన అసలు భారం 8,800. ఈజా దరఖాస్తే వేయకపోయి ఉంటే మొత్తం 16,000 మీవారి భృతిలోంచే పోయేది. సంతకం ఆగితే నష్టం మీవారికి కూడా అని మొదట్లో అన్నది ఇందుకే. దరఖాస్తు వేయవలసి ఉండీ వేయని లాయరుకు తర్వాతి ఫీజులో ఆ మేరకు కోత పెట్టిన కోర్టులు కూడా ఉన్నాయి.

అయితే రెండుచోట్ల జాగ్రత్త అవసరం. ఈ తిరిగి ఇచ్చే నియమం కోర్టు పనికి వచ్చిన రెండు ఫీజుల మధ్యనే. లాయరు బకాయిల్లోంచి కోర్టు ఫీజు అడగకుండా, సంస్థ ఆమోదించిన ఫీజు మాత్రమే తీసుకుంటే ఈజా సొమ్ము ఆయన దగ్గరే ఉండిపోతుంది. అది తప్పు కాదు, కానీ ముందే తెలిసి ఉండాలి. రెండోది ఇంకా ముఖ్యం. నాలుగో వంతు పరిమితి కోర్టు ఫీజుకే విడిగా వర్తిస్తుందని, సంస్థ ఇచ్చే ఫీజుతో కలిపి చూడనక్కరలేదని 2019లో కల్బర్ట్‌సన్ వర్సెస్ బెర్రీహిల్ కేసులో సుప్రీంకోర్టు అంది. లాయరు కోసం సోషల్ సెక్యూరిటీ సంస్థ పట్టి ఉంచేది ఒక్క నాలుగో వంతే. దానికి మించి ఏదైనా ఉంటే లాయరు మిమ్మల్ని నేరుగా అడగవచ్చు. చాలామంది అడగరు, అన్నీ కలిపి నాలుగో వంతుకు మించదని ఒప్పందంలోనే రాస్తారు. మీ ఒప్పందంలో ఆ వాక్యం ఉందేమో వెతకండి. లేకపోతే, ఫీజును లాయరుకు రాసిచ్చే ఈ బదలాయింపు కాగితం మీద సంతకం పెట్టే ముందే ఈమెయిల్లో రాయించుకోండి. అడగడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

అబ్బాయి ఇంకా హైస్కూల్లో ఉన్నాడన్నారు. తండ్రి కట్టిన సోషల్ సెక్యూరిటీ పన్ను రికార్డు మీద వాడికి కూడా భృతి రావచ్చు. వాడి బకాయిలనూ కలిపే నాలుగో వంతు లెక్కిస్తారు, 1968 నుంచీ అదే పద్ధతి. తర్వాత చూసి ఉలిక్కిపడకండి.

బదలాయింపు కాగితం ఎందుకు కావాలి? ఈజా ఫీజు చట్టప్రకారం మీవారిది, లాయరుది కాదు. 2010లో యాస్ట్రూ వర్సెస్ రాట్‌లిఫ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. అందుకే చెక్కు లాయరు పేరిట రావాలంటే మీవారు రాసివ్వాలి. ఆ రాసివ్వడంలో మోసమేమీ లేదు, లాయరు ఇన్ని నెలలు పైసా తీసుకోకుండా చేసిన పనికి వచ్చే డబ్బే అది. ఒకవేళ చెక్కు మీవారి పేరిట ఇంటికి వస్తే ఖాతాలో వేసి ఖర్చుపెట్టకండి. ముందు లాయరుకు ఫోను చేయండి.

అదే తీర్పులో రెండో కొస ఉంది, అది మీ ఇంటికి తగులుతుంది. సొమ్ము మీవారిది గనుక, ఆయన ప్రభుత్వానికి బాకీ ఉంటే ప్రభుత్వం ఆ బాకీ కింద ఫీజును జమ చేసుకోవచ్చు. బదలాయింపు కాగితాన్ని కూడా బాకీ లేనప్పుడే ప్రభుత్వం మన్నిస్తుంది. మీ అమ్మాయి చదువుకు తండ్రి పేరిట తీసుకున్న రుణం సరిగ్గా ఇలాంటిది. ఆరు నెలలుగా కట్టడం లేదన్నారు. 270 రోజులు దాటితే దాన్ని ఎగవేతగా పరిగణిస్తారు. అంటే మీకు మిగిలింది మూడు నెలల లోపే. ఈ సంగతి లాయరుకు దాచకండి. సిగ్గుపడి దాస్తే, ఫీజు రుణానికి జమైపోయాక ఆయన చేతికి ఏమీ రాదు, మీ మధ్య మాట పట్టింపులు వస్తాయి. రుణం చూసే సంస్థకు ఈ వారమే ఫోను చేసి, ఆదాయాన్ని బట్టి వాయిదా తగ్గించే పద్ధతులు గానీ తాత్కాలిక విరామం గానీ మీ రుణానికి ఏవి వర్తిస్తాయో అడగండి.

మీరు అడగని ఒక సంగతి చెబుతాను. అప్పు తీసుకున్న తల్లి గానీ తండ్రి గానీ శాశ్వతంగా, పూర్తిగా పనిచేయలేని స్థితికి వస్తే, పిల్లల చదువు కోసం తమ పేరిట తీసుకున్న ఆ ఫెడరల్ రుణాన్ని రద్దు చేయించుకునే వీలు చట్టంలో ఉంది. దానికి సోషల్ సెక్యూరిటీ నిర్ణయం వచ్చేదాకా ఆగనక్కరలేదు, డాక్టరు ధ్రువీకరణతో కూడా అడగవచ్చు. కోర్టులో మీవారికి అక్కరకొచ్చిన న్యూరాలజిస్టు అభిప్రాయం ఇక్కడ కూడా పనికొస్తుంది. ఈ ఫీజు గొడవ కన్నా మీ ఇంటికి ఇదే ఎక్కువ మేలు చేయవచ్చు.

ఆస్తి ప్రమాణం గురించి రెండు మాటలు. ఇరవై లక్షల డాలర్లంటే పదహారు కోట్ల రూపాయలకు పైమాటే. దావా వేసిన రోజున ఉన్న ఆస్తిలోంచి అప్పులు తీసేసి చూస్తారు. ఇండియాలో ఉంది కదా, లెక్కలోకి రాదని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ప్రమాణపత్రం అబద్ధం కాకూడదు. మియాపూర్ ఫ్లాటు, పొలం, ఇక్కడి ఇల్లు, రిటైర్మెంటు ఖాతా అన్నీ రాసి, ఇంటి రుణం తీసేయండి. పొలం ఇంకా ఉమ్మడిగా ఉంటే మీవారి వాటా ఎంతో చెప్పండి. మామూలు ఉద్యోగి కుటుంబం ఈ పరిమితికి దరిదాపులకు కూడా రాదు. హైదరాబాద్ స్థలాల ధరలు పెరిగి నిజంగానే దగ్గరికి వచ్చిందనిపిస్తే మాత్రం సంతకానికి ముందే లాయరుతో కూర్చుని లెక్క చూడండి.

కోర్టులో కేసు వేసేటప్పుడు 405 డాలర్ల రుసుము మీరే కట్టి ఉంటే, అదీ ఖర్చుల కింద వెనక్కి అడగవచ్చు. దరఖాస్తులో చేర్చారేమో చూడండి. దానికి జతచేసే గంటల పట్టీ ప్రతి ఒకటి పంపమనండి. ఏ రోజు ఎన్ని గంటలు ఏ పని చేశారో అందులో ఉంటుంది. అది చూడటం మీ హక్కు, అడిగితే మంచి లాయరు నొచ్చుకోరు.

ఇక మీవారితో మాట్లాడేటప్పుడు ఈ లెక్కలన్నీ ఒకేసారి చెప్పకండి. అరగంటకు మించి ఏకాగ్రత నిలవదని మీరే రాశారు. మొదటిరోజు 7,200, 16,000 లెక్క ఒక్కటీ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించండి. జీవితమంతా లెక్కలతో పనిచేసిన మనిషి, మాటల కన్నా ఆ మూడు అంకెలే ఆయనకు త్వరగా అందుతాయి. మర్నాడు రుణం సంగతి, ఆ తర్వాత సంతకం. కుడిచేయి ఆడకపోతే ఎడమచేత్తో పెట్టినా చెల్లుతుంది. చేయి అసలు సహకరించకపోతే ఏం చేయాలో లాయరును అడగండి, దానికీ పద్ధతులున్నాయి.

రెండో విచారణ అయ్యాక, మంజూరు ఉత్తరం వచ్చిన రోజే దాని అన్ని పేజీలూ లాయరుకు పంపండి. అబ్బాయి పేరిట వేరే ఉత్తరం వస్తే అదీ పంపండి. ఆ ఉత్తరం అందాక లాయరు తన ఫీజు కోసం కోర్టును అడగడానికి తక్కువ గడువే ఉంటుంది. ఆ దరఖాస్తు ప్రతిలో ‘ఈజా సొమ్ము తిరిగి ఇస్తాను’ అన్న వాక్యం, దాని పక్కన అంకె ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే కోర్టు నిర్ణయం వెలువడకముందే ఆయనను అడగండి.